తూర్పు మర

మా ఇంట్లో ఎవరూ ఎడమ, కుడి అనరు. ఉప్పు డబ్బా దక్షిణం పక్కన ఉంటుంది. మంచానికి తలగడ ఉత్తరాన ఉంటుంది. పెళ్ళిలో ఫొటోకి నిలబడ్డా "కొంచెం పడమరకి జరగమ్మా" అనే అంటారు. జావా దీవిలో మా జోగ్జాలో పుట్టినవాళ్ళకి ఉత్తరాన కొండ, దక్షిణాన సముద్రం. కళ్ళు మూసుకున్నా దిక్కు తెలుస్తుంది. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను ఒక పిల్లని చంపబోయింది ఈ అలవాటు వల్లే.

మా ఆయన పేరు వగిరన్. మా ఐదు రోజుల సంత వారంలో వగే నాడు పుట్టారని ఆ పేరు పెట్టారు. చిన్నప్పుడే చక్కెర మిల్లులో మరమ్మతుల షెడ్డులో చేరి లేత్ పని నేర్చుకున్నారు. మిల్లు మూసేశాక వాళ్ళు పారేసిన పాత లేత్ ఒకటి తెచ్చుకుని, కోటగెదెలో మా ఇంటి వెనక రేకుల కింద పెట్టుకున్నారు. దాన్ని దింపడానికి తొమ్మిదిమంది పట్టారు. మిషనుకి ఎదురుగా నిలబడితే ముఖం ఉత్తరానికి ఉండేది. లేత్‌కి తల ఉంటుంది, తోక ఉంటుంది. ఇనుప ముక్కని పట్టుకుని గిరగిరా తిప్పేది తల. మా లేత్ తల పడమర, తోక తూర్పు. పాతికేళ్ళు అది అక్కడే ఉంది. నేను వంట ముగించుకుని వెళ్ళి, పక్కన నిలబడి నూనె పోసేదాన్ని, రజను ఊడ్చేదాన్ని. ఆయన్ని "మస్" అని పిలిచేదాన్ని, మా వైపు ఆడవాళ్ళందరూ మొగుళ్ళని పిలిచినట్టే.

మొదట్లో వెండి పనివాళ్ళకి రోలర్లు, నీళ్ళ పంపులకి ఇరుసులు చేసేవారు. తర్వాత డోల్‌ట్రాప్ పిచ్చి పట్టింది ఊరికి. డోల్‌ట్రాప్ అంటే ఊరికే దొర్లే సైకిలు కాదు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరుగుతూనే ఉంటాయి, కాళ్ళూ తిరగాల్సిందే. ఆపాలంటే కాళ్ళతోనే వెనక్కి బిగపట్టాలి. పచ్చ చక్రాలు, గులాబీ చక్రాలు వేసుకుని కుర్రకారు మా గుమ్మం ముందు వరసకట్టేవారు. పాత సైకిళ్ళు తెచ్చి "పాక్, వెనక హబ్బు చేసి పెట్టండి" అనేవారు. పెద్ద మగవాళ్ళని పాక్, ఆడవాళ్ళని బూ అంటారు కదా, ఆ పాక్ పిలుపు వినీ వినీ మా చిలక కూడా నేర్చుకుంది.

హబ్బు అంటే చక్రం నడుమ ఇరుసు చుట్టూ తిరిగే గొట్టం. దాన్ని చెయ్యడంలో అసలు ప్రాణం ఒక రింగులో ఉంది. పళ్ళచక్రం స్క్రూలాగా మర చుట్ల మీద తిరుగుతూ హబ్బుకి ఎక్కుతుంది. ముందుకి తొక్కితే బిగుస్తుంది. కానీ ఆపడానికి వెనక్కి బిగపడితే విప్పుకోబోతుంది. అందుకని దాని బయట ఇంకో రింగు, దానికి తిరగేసిన మర. పళ్ళచక్రం విప్పుకోబోయిన కొద్దీ ఆ రింగు ఇంకా బిగుసుకుంటుంది. ఆ తిరగేసిన మర కోసేటప్పుడు టూలు, అంటే ఇనుముని చెక్కే ఉలి, తల దగ్గర మొదలుపెట్టి తోక వైపు నడవాలి. మా షెడ్డులో తోక వైపంటే తూర్పు. అందుకే ఆయన దాన్ని "తూర్పు మర" అనేవారు. వేరే పేరు ఆయన నోట నేను వినలేదు.

మా వీధిలో ఒకతను ఖర్చెందుకని పళ్ళచక్రాన్ని మామూలు హబ్బుకి వెల్డింగ్ చేయించుకున్నాడు. అది కూడలి దగ్గర విరిగింది. దవడ పగిలి, ఇప్పటికీ అతను గంజి తాగడమే తప్ప ఏమీ నమలలేడు. ఆ విరిగిన ముక్కని మా ఆయన అడిగి తెచ్చుకుని కిటికీలో పెట్టుకున్నారు. అప్పట్నుంచి రెండు నియమాలు. ప్రతి హబ్బునీ పాత చక్రానికి బిగించి, చక్రం కదలకుండా కట్టేసి, పెడల్ మీద తన బరువంతా వేసి వెనక్కి నిలబడేవారు. మూడుసార్లు. రెండోది, ముందు చక్రానికి చేతి బ్రేకు ఉంచుతామని మాటిస్తేనే హబ్బు చేతికిచ్చేవారు.

"బ్రేకు పెడితే అది ముసలోళ్ళ బండి అంటారు పాక్," అనేది వెనింగ్ అనే పిల్ల.

"ముసలిదానివి అయ్యేదాకా బతకాలనే కదమ్మా చెబుతున్నది."

వెనింగ్ పెళ్ళి కార్డులు అచ్చేసే చోట పనిచేసేది. ఇరవయ్యేడేళ్ళు. గొంతు పెద్దది. హబ్బు కోసం రెండు నెలలు తిరిగింది. "ఏంటి పాక్, ఈ హబ్బు నాకు కుదిరిన పెళ్ళికొడుకులా ఉంది, ఎప్పుడడిగినా వచ్చే వారం అంటుంది!" అనేది. ఆయన నవ్వేవారు. ఆలస్యానికి కారణం ఆమెకి చెప్పలేదు. అప్పటికే చక్కెర జబ్బు ఆయన వేళ్ళ చివర్లని తినేసింది. వేడి గ్లాసు పట్టుకున్నా తెలిసేది కాదు. తర్వాత చూపు మసకైంది. వెనింగ్ హబ్బుకి బొక్కలు వేసి, పళ్ళచక్రం మర కూడా కోసి, రింగు మర మాత్రం మిగిలి ఉండగా ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది.

ఆయన ఆస్పత్రిలో ఉన్న పద్దెనిమిది రోజుల్లో వెనక ఇంటివాళ్ళు గోడ లేపారు. మా ఉత్తరం కిటికీకి వెలుతురు పోయింది. పక్కింట్లో ఉండే, సోయా జున్ను టోఫు అమ్మే సారిదీ, ఇంకొందరూ కలిసి, ఆయనకి సాయంగా ఉంటుందని, లేత్‌ని వెనక్కి తిప్పి దక్షిణం గుమ్మానికి ఎదురుగా పెట్టారు. ఇంటికొచ్చాక ఆయన మిషనుని తడిమి చూసుకుని, "తిప్పారా? మంచిదేలే, మొహాన వెలుతురు పడుతుంది," అన్నారు. తెలుసు ఆయనకి. నాకూ తెలుసు.

వారం తర్వాత ఒక పొద్దున నన్ను పిలిచారు.

"మింతెన్, ఆ పిల్ల హబ్బు ముగించాలి. చెయ్యి నీది."

"నాకు చేతకాదు మస్."

"పాతికేళ్ళు పక్కన నిలబడి, చేతకాదంటే మిషనుకి కోపం వస్తుంది. నేను కూర్చుని చెబుతాను."

గోడకి ఆనుకుని, కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ఏ మీట ఎక్కడికి, ఎంత లోతు, అన్నీ చెప్పారు. మిషను మొదలైంది.

"టూలు నడుస్తోందా?"

"నడుస్తోంది."

"తూర్పుకేగా?"

నేను తలెత్తి చూశాను. గుమ్మంలోంచి ఎండ ఏ పక్కనుంచి వస్తోందో చూసి మరీ చెప్పాను. "తూర్పుకే, మస్."

ఆయన తల ఊపారు. హబ్బు మీద మర, దాని రింగు, ఎప్పుడూ చేసే అదనపు రింగు, మూడూ అలాగే కోశాను. రింగు హబ్బు మీదకి ఎక్కిందా అని అడిగారు. చక్కగా ఎక్కింది అన్నాను. ఏ పక్కకి తిరిగి ఎక్కిందో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. పెడల్ మీద నిలబడే శక్తి ఆయనకి లేదు. సాయంత్రం అన్నం తింటూ, "నిలబడి చూడలేదే," అని ఒక్క మాట అన్నారు. మర్నాడు వెనింగ్ వచ్చి, బ్రేకు ఉంచుతానని మాటిచ్చి హబ్బు తీసుకుపోయింది. తొమ్మిదో రోజున ఆయన పోయారు.

ఏడో రోజు ప్రార్థనకి వెనింగ్ వచ్చింది. హబ్బుకి స్పోకులు వేయించి చక్రాన్ని గోడకి తగిలించుకుందట. "పాక్ పుట్టింది వగే రోజున కదా బూ? ఆదివారం, వగే కలిసొచ్చిన రోజున మొదటిసారి తొక్కుతాను. మా జట్టు అంతా కొండ మీది కలియురాంగ్ దాకా ఎక్కి, ఎనిమిదింటికి అక్కణ్నుంచి కిందకి దిగుతాం. పాక్ పేరు మీద," అంది. నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. నాకు సంతోషం వేసింది. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు చల్లబడుతుంది.

ఆ ఆదివారం పొద్దున, ఆరున్నర అయి ఉంటుంది, ఆ పిల్ల వచ్చినప్పుడు ఇద్దామని అదనపు రింగుని మేకు మీంచి తీసి కిరసనాయిలుతో తుడిచాను. ఇచ్చే ముందు కిటికీలో ఉన్న నమూనా హబ్బు మీద ఎక్కించి చూడటం ఆయన పద్ధతి. ఎక్కించబోయాను. పట్టుకోలేదు. నలుసు పడిందేమోనని మళ్ళీ తుడిచాను. పట్టుకోలేదు. మేకు మీద ఉన్న పాత రింగు ఒకటి తీసి దీని పక్కన వెలుతురులో పెట్టి చూశాను. లోపలి గీతలు దాంట్లో ఒక పక్కకి వాలి ఉన్నాయి. దీంట్లో రెండో పక్కకి వాలి ఉన్నాయి.

లేత్ ముందుకి వెళ్ళి నిలబడ్డాను. కరెంటు లేకుండా చేత్తోనే టూలుని తూర్పుకి జరిపాను. అది తల వైపు వెళ్ళింది. తోక ఇప్పుడు పడమర ఉంది.

ఆయన పాత చోటులో కూర్చుని తూర్పు అన్నారు. నేను కొత్త చోటులో నిలబడి తూర్పు అన్నాను.

రెండు మరలూ ఒకే పక్కకి తిరిగేవే అయితే ఏమవుతుందో ఆయన నాకు వంద సార్లు చెప్పి ఉంటారు. ముందుకి తొక్కినంతసేపూ ఏ తేడా తెలియదు. కొండ ఎక్కుతున్నప్పుడు ఇంకా గట్టిగా బిగుస్తుంది. దిగేటప్పుడు గట్టిగా బిగపట్టిన మొదటిసారే పళ్ళచక్రం విప్పుకుంటుంది, రింగుని కూడా తనతో విప్పుకుపోతుంది.

ఆయన ఫోనులోంచి వెనింగ్‌కి చేశాను. ఆ నంబరు వాడుకలో లేదంది. కొత్త ఆఫరు వచ్చినప్పుడల్లా సిమ్ కార్డు మార్చేస్తుందా పిల్ల. ఫోను పట్టుకుని అక్కడే కాసేపు కూలబడ్డాను. చేతి బ్రేకు ఉంటుందిలే, మాటిచ్చింది కదా అనుకున్నాను. ఇంకోటి కూడా అనుకున్నాను. ఇది బయటపడితే పోయిన మనిషి పేరేమవుతుంది, నలభయ్యో రోజు ప్రార్థనకి జనం ఏమని వస్తారు, ఎవరికి తెలుసు ఇది నా చేతి పని అని. ఆ ఆలోచన వచ్చింది. వచ్చిందనే చెబుతున్నాను.

సారిది గుమ్మం ముందు బండి స్టార్టు చేస్తున్నాడు. మోటారు సైకిలుకి వెనక ఇనుప కమ్మీల చట్రం, దానికి రెండు పక్కలా టోఫు డబ్బాలు. నేను చెప్పులు లేకుండానే బయటికొచ్చాను.

"తమ్ముడూ, కలియురాంగ్ పోవాలి. ఇప్పుడే."

"కొండ మీదికా? ఏం అక్కా, అన్నయ్య పోయాక షికార్లు మొదలెట్టావా?" అని నా మొహం చూసి ఆగాడు. "ఏమైంది?"

"హబ్బు తప్పు కోశాను. ఆ పిల్ల దిగుతుంది."

సగమే అర్థమై ఉంటుంది. కానీ ఇంకేం అడగలేదు. ఒక డబ్బా విప్పి మా అరుగు మీద పెట్టాడు. ఆ ఖాళీలో పక్కకి తిరిగి కూర్చున్నాను. "అటు టోఫు, ఇటు నువ్వు. తూకం సరిపోయింది. గట్టిగా పట్టుకో," అన్నాడు.

పెళ్ళయ్యాక సంత దాటి ఒంటరిగా ఎక్కడికీ వెళ్ళినదాన్ని కాదు. దారి పొడుగునా ఎదురుగా కొండే. అది బద్దలవడానికి ముందు సంవత్సరం, చిన్న పొగ మాత్రం ఉండేది. నా ముఖం పడమరకి ఉంది. పొలాలు, మసీదులు, కాలేజీ గోడలు వెనక్కి పోతున్నాయి. పాదాల మీద టోఫు నీళ్ళు చిందుతున్నాయి. ప్రార్థన మాటలు సగంలో తెగిపోతున్నాయి. గుప్పిట్లో రింగు ఉంది. దాని అంచు అరచేతిలో దిగబడుతున్నా వదలలేకపోయాను.

"టైమెంత తమ్ముడూ?"

"ఇప్పుడే కదా అడిగావు. ఎనిమిదికి పది తక్కువ."

"ఇంకా గట్టిగా పో."

"ఇది టోఫు బండి అక్కా, విమానం కాదు."

ఎత్తు మొదలైంది. గాలి చల్లబడింది. ఇంకో నాలుగు కిలోమీటర్లుందనగా పైనుంచి కేకలు వినిపించాయి. మలుపులోంచి వాళ్ళు వచ్చారు. పది, పదిహేను సైకిళ్ళు, రంగురంగుల చక్రాలు, కాళ్ళు కుట్టు మిషను సూదుల్లా తిరుగుతున్నాయి. వాళ్ళ మధ్యలో నీలం చక్రం, వెనింగ్.

నోరు తెరిచాను. ఆగమ్మా అనబోయాను. ఆ మాట పెదవి దాకా వచ్చి ఆగిపోయింది. ఆగమంటే ఆపుతుంది. కాళ్ళతో ఆపుతుంది. ఆపితే ఊడుతుంది. నా పిలుపే ఆ పిల్లని చంపుతుంది.

"అదుగో నీ పిల్ల! పిలవ్వేం?" అని సారిది హారన్ మీద వేలు పెట్టాడు.

"వద్దు! పిలవకు! బండి తిప్పు!"

వాడు దారి మధ్యలోనే తిప్పేశాడు. ఇప్పుడు నా ముఖం తూర్పుకి. సైకిళ్ళన్నీ ముందుకి వెళ్ళిపోయాయి. రోడ్డు తిన్నగా దక్షిణానికి జారుతోంది. సారిది ఒక్కొక్కరినే దాటుకుంటూ పోయి రోడ్డు అంచున వెనింగ్ పక్కకి చేరాడు. ఆమె తల తిప్పి చూసింది.

"బూ! మీరా! టోఫు బండి మీదా!" అని పకపకా నవ్వింది.

"తొక్కుతూనే ఉండు! వెనక్కి నొక్కకు!"

"ఏంటీ?"

"కాళ్ళు బిగపట్టకు! చేతి బ్రేకు వెయ్యి!"

అప్పుడు చూశాను. హ్యాండిల్ మీద బ్రేకు ఉండాల్సిన చోట నల్లటి గుర్తు మాత్రం ఉంది. ఆమె మొహం నా మాటకి కాదు, నా గొంతుకి మారింది. ముందు కూరగాయల లారీ ఒకటి పక్క సందులోంచి వెనక్కి వస్తోంది. వెనింగ్ దాన్ని చూసింది. ఆలోచన కంటే ముందే ఆమె కాళ్ళు బిగుసుకున్నాయి.

టక్కుమని ఒక చిన్న శబ్దం. ఆమె మోకాళ్ళు వెనక్కి తేలికగా తిరిగాయి, కింద ఏమీ లేనట్టు. సైకిలు మాత్రం అదే వేగంతో పోతోంది. ఆమె తల వంచి కాళ్ళ వైపు చూసుకుంది. అరవలేదు. అరిచింది నేనే.

"అక్కా, ఏ పక్కనుంది?" అని సారిది తల తిప్పకుండా అడిగాడు.

"తూర్పు!"

బండి తూర్పుకి ఒరిగింది. "కమ్మీ పట్టుకో వెనింగ్! కమ్మీ!" ఆమె ఒక చెయ్యి చాచింది. అందలేదు. మళ్ళీ చాచింది. చట్రం ఇనుము మీద ఆమె వేళ్ళు పడ్డాయి. నేను రింగు వదిలేసి రెండు చేతులతో ఆమె మణికట్టు పట్టుకున్నాను. సారిది బ్రేకుని కొద్దికొద్దిగా నొక్కుతున్నాడు. మేము ముగ్గురం, ఒక డబ్బా టోఫు, ఒక సైకిలు, అన్నీ కలిసి వంకరగా ఊగుతూ పోయాం. నా భుజం పీకేసినట్టయింది. ఆగేసరికి లారీ వెనక చెక్క మీది రాత కళ్ళెదురుగా ఉంది. నా చదువు అంతంత మాత్రమే. కూడబలుక్కుని చదివాను. అమ్మ ప్రార్థన అని రాసి ఉంది. అది చదివాకే నేను ఇంకా చూడగలుగుతున్నానని తెలిసింది.

వెనింగ్ రోడ్డు పక్కన మట్టిలో కూర్చుంది. ఆమె మణికట్టు నేను వదల్లేదు. ఆమె కూడా వదలమనలేదు. జట్టువాళ్ళు కిందకి వెళ్ళిపోయారు, వెనకొచ్చిన ఇద్దరు మాత్రం ఆగారు. వాళ్ళలో ఒకడు చక్రం చూసి, వేలితో రింగుని తిప్పాడు. ఊరికే తిరిగి చేతిలోకి వచ్చేసింది.

"పాక్ వగిరన్ పనేనా ఇది?" అన్నాడు. "ఆయన హబ్బు ఇలా..."

"ఆయనకి కళ్ళు కనబడేవి కాదు కదా," అంది వెనింగ్ మెల్లగా.

అక్కడ ఊరుకుని ఉంటే సరిపోయేది. ఆ ఒక్క మాటతో అందరూ క్షమించేసేవారు.

"కోసింది ఆయన కాదు. నేను," అన్నాను. "ఆయన తూర్పన్నారు. తూర్పుకే నడిపాను. మిషను తిప్పి పెట్టిన సంగతి ఇద్దరం మర్చిపోయాం."

వెనింగ్ నా వైపు చూసింది, మిషను ఎదురుగా ఉన్నట్టు తలని ఒకసారి ఉత్తరానికి, ఒకసారి దక్షిణానికి తిప్పింది. అర్థమైనట్టుంది. నవ్వబోయి ఏడుపులో పడింది. "మా అమ్మ కూడా అంతే బూ. ఇల్లు మారి ఆరేళ్ళయింది. ఇంకా పంచదార పడమర పక్కనుందనే అంటుంది." తర్వాత కళ్ళు తుడుచుకుని, "బ్రేకు నేనే తీసేశాను. పొద్దున పైన, వీళ్ళు నవ్వారని. సంచిలో ఉంది," అంది.

"చూపించు."

చూపించింది. "పాక్‌కి చెప్పకండి బూ," అంది. అన్నాక తన నోటికి తనే చెయ్యి అడ్డం పెట్టుకుంది.

సారిది వాళ్ళందరికీ అల్లం టీ తెప్పించాడు. తన డబ్బాలో సగం టోఫు నేలపాలైందని లారీ డ్రైవరుతో గొడవ పెట్టుకుని, చివరికి అతనికే మిగతా టోఫు అమ్మేశాడు. నేను టీ తాగలేకపోయాను.

ఇంటికొచ్చాక లేత్‌ని మళ్ళీ పాత చోటులో ఉత్తరానికి పెట్టించాను. వెలుతురు లేకపోతే దీపం పెట్టుకోవచ్చు. మిషను తిప్పిన తర్వాత కోసినది ఆ ఒక్క హబ్బే అని నాకు తెలుసు. అయినా మేకు మీద ఉన్న ప్రతి రింగునీ నమూనా మీద ఎక్కించి చూశాను. మర్నాడు మళ్ళీ చూశాను. రోడ్డు మీద సైకిలు గంట వినిపిస్తే చేతిలో పని ఆగిపోయేది.

నలభయ్యో రోజు ప్రార్థన అయిన మర్నాడు వెనింగ్ ఆ హబ్బు పట్టుకుని వచ్చింది. ముందు చక్రానికి చేతి బ్రేకు బిగించుకుని వచ్చింది. నేను వేరే పనివాడి పేరు చెప్పాను. ఆమె హబ్బుని లేత్ మీద పెట్టి కూర్చుంది, కదల్లేదు. తప్పు మరని గీకి తీసేసి, కొంచెం సన్నగా కొత్త మర, దానికి సరిపడే కొత్త రింగు కోశాను. ఈసారి తూర్పు అనుకోలేదు. తల దగ్గర మొదలు, తోక దాకా, తల దగ్గర మొదలు, తోక దాకా అని పైకే అనుకుంటూ కోశాను.

చక్రం కట్టేసి పెడల్ మీద నిలబడమన్నాను. నా బరువు చాలదు. ఆమె ఎక్కింది. నేను చూడలేక కిటికీలో ఉన్న విరిగిన ముక్క వైపు తిరిగి నిలబడ్డాను.

"నిలబడ్డాను బూ. ఏమీ కదల్లేదు."

"మళ్ళీ నిలబడు."

"కదల్లేదు."

"మళ్ళీ."

"మూడుసార్లు అయింది బూ. పాక్ కూడా మూడుసార్లే కదా?"

"తెలుసమ్మా," అన్నాను. "ఇంకొక్కసారి."